ఫిజిక్స్ ప్రయోగాన్ని చిన్న పరిశోధనగా ఎలా చేయాలి?

ప్రాక్టికల్ రికార్డులో జి (గురుత్వ త్వరణం) విలువ 9.8 అని రాయడం ఏమంత కష్టం కాదు. సూత్రం తెలుసు, రావాల్సిన సమాధానమూ తెలుసు. రీడింగులు కాస్త అటూ ఇటూ అయినా చివరికి ఆ సంఖ్య దగ్గరికి లాక్కొచ్చేయొచ్చు. మార్కులూ పడతాయి. కానీ ఆ రీడింగుల్లో ఉన్న అసలు సంగతి బయటపడకుండానే పోతుంది.

ప్రయోగం చేసే పద్ధతంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నాకొచ్చిన ఈ సంఖ్యను ఎంతవరకు నమ్మొచ్చు? మీకు జి 9.6 వచ్చిందనుకోండి. అది 9.6 ± 0.3 అయితే ఏ గొడవా లేదు, 9.8 ఆ పరిధిలోనే ఉంది. అదే 9.60 ± 0.05 అయితే ఎక్కడో ఏదో జరుగుతోంది, వెతకాలి. రెండు చోట్లా వచ్చిన సంఖ్య ఒకటే, ఆ తర్వాత మీరు చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు.

పదకొండు, పన్నెండు తరగతుల స్థాయి విద్యార్థులకు నా సలహా ఇది. ముందు బాగా తెలిసిన ప్రయోగం ఒకటి తీసుకుని మీ చేతినీ కంటినీ పరీక్షించుకోండి. తర్వాత, జవాబు పుస్తకంలో దొరకని ప్రశ్న ఒకటి ఎంచుకోండి. మొదటి దానికి లోలకాన్ని, రెండో దానికి ఎగిరే బంతిని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు ప్రశ్నను కుదించండి

"లోలకం మీద ప్రాజెక్టు" అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. మీరు మార్చే రాశి ఒకటి, కొలిచే రాశి ఒకటి, కదలకుండా పట్టి ఉంచేవి మిగతావి. ఈ మూడూ ఒక్క వాక్యంలో చెప్పగలిగితే అది ప్రశ్న. "గుండు మార్చకుండా దారం పొడవు మారిస్తే ఆవర్తన కాలం ఎలా మారుతుంది?" "కంపన పరిమితి పెంచితే ఆవర్తన కాలం ఎంత పెరుగుతుంది?" ఇలా ఉండాలి. (ఆవర్తన కాలమంటే ఒక పూర్తి డోలనానికి పట్టే సమయం. కంపన పరిమితి అంటే గుండు మధ్య నుంచి పక్కకు ఎంత మేరకు పోతుందో ఆ కొలత.)

పరికరం ముట్టుకునే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. మీరు చూడాలనుకుంటున్న మార్పు మీ చేతిలో ఉన్న సాధనానికి అసలు కనిపిస్తుందా? ఒక మీటరు లోలకం ఆవర్తన కాలం దాదాపు 2.006 సెకన్లు. అది చిన్న కోణాలకు వర్తించే లెక్క. 10 డిగ్రీల నుంచి వదిలితే కాలం 0.19 శాతం పెరుగుతుంది, అంటే డోలనానికి 4 మిల్లీసెకన్లు. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌తో దాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. 30 డిగ్రీల దగ్గర పెరుగుదల 1.7 శాతం, సుమారు 35 మిల్లీసెకన్లు. 60 డిగ్రీల దగ్గర 7.3 శాతం, దాదాపు 0.15 సెకన్లు. అంటే కంపన పరిమితి మీద పరిశోధన చేయాలనుకుంటే 5, 10, 15 డిగ్రీల దగ్గర ఆగిపోతే ఏమీ కనిపించదు, 60 వరకు వెళ్లాల్సిందే. ఈ అయిదు నిమిషాల లెక్క చేయకపోవడం వల్లే చాలా ప్రాజెక్టులు "ఏ మార్పూ కనిపించలేదు" అనే వాక్యంతో ముగుస్తాయి.

తర్వాత ఒక ట్రయల్ రన్ చేయండి. దీని రీడింగులు ఫలితాల పట్టికలోకి రావు. స్టాండు ఊగుతోందా, దారం జారుతోందా, గుండు బల్లకు తగులుతోందా అని చూసుకోవడానికి మాత్రమే.

లోలకం: చేతిని పరీక్షించుకోవడం

దారాన్ని కడ్డీకి చుట్టి వేలాడదీయకండి. ఊగేటప్పుడు దారం కడ్డీ మీద కొంచెం చుట్టుకుని, కొంచెం విప్పుకుంటుంది, దాంతో పొడవే మారిపోతుంది. నిలువునా రెండుగా కోసిన బెరడు బిరడా మధ్యలో గానీ, రెండు చదునైన చెక్కముక్కల మధ్యలో గానీ దారాన్ని బిగించండి. అప్పుడు ఊగే బిందువు స్పష్టంగా ఒక్కచోటే ఉంటుంది. సాగని దారం వాడండి. పొడవు కొలవాల్సింది గుండు వేలాడదీసిన తర్వాతే, ఎందుకంటే బరువుకు ఏ దారమైనా కాస్తో కూస్తో సాగుతుంది.

గుండు నిశ్చలంగా వేలాడుతున్నప్పుడు దారం వెనకాల, సరిగ్గా దాని సూటిలో, కాగితం మీద ఒక నిలువు గీత గీసి నిలబెట్టండి. గుండు ఆ గీతను దాటే క్షణంలోనే వాచ్ నొక్కాలి. చాలామంది గుండు చివరికి చేరి ఆగినట్టు కనిపించే చోట నొక్కుతారు, అది తేలిక అనిపిస్తుంది కాబట్టి. కానీ అక్కడ గుండు నెమ్మదిగా కదులుతుంది, అది ఏ క్షణాన వెనక్కి తిరిగిందో కంటికి తేలదు. మధ్యలో వేగం గరిష్ఠం, గీతను దాటే క్షణం కచ్చితంగా తెలుస్తుంది. పైగా గాలి వల్ల కంపన పరిమితి తగ్గేకొద్దీ చివరి బిందువు జరుగుతూ ఉంటుంది, మధ్య గీత మాత్రం జరగదు.

గుండును నెట్టకండి, పక్కకు లాగి వదలండి. పైనుంచి చూస్తే అది సరళరేఖలో కాకుండా దీర్ఘవృత్తంలా తిరుగుతుంటే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

లెక్కపెట్టేటప్పుడు వాచ్ నొక్కిన క్షణాన "సున్నా" అనండి. "ఒకటి" అని మొదలుపెడితే 20 అనేసరికి నిజంగా జరిగింది 19 డోలనాలే. ఆవర్తన కాలం 5 శాతం తక్కువ వస్తుంది. జి లెక్కలో కాలం వర్గం ఉంటుంది కాబట్టి అక్కడ దోషం దాదాపు 11 శాతం: 9.8 రావాల్సింది 10.86 వస్తుంది. మీ ఫలితం సరిగ్గా 10.8, 10.9 ప్రాంతంలో ఉంటే, మిగతా కారణాలు వెతికే ముందు ఎలా లెక్కపెట్టారో గుర్తు చేసుకోండి.

పొడవులు 20 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు వరకు కనీసం ఆరేడు తీసుకోండి. వాటిని చిన్నది నుంచి పెద్దదానికి వరసగా కొలవకుండా కలగాపులగంగా కొలవండి. గంటసేపు పని చేస్తే దారం సాగొచ్చు, మీరు అలసిపోవచ్చు, బిగింపు కాస్త వదులు కావొచ్చు. వరసగా కొలిస్తే ఆ మార్పులన్నీ పొడవు వల్ల వచ్చిన మార్పులోనే కలిసిపోతాయి. కలిపి కొలిస్తే అవి గ్రాఫ్ మీద చెల్లాచెదురుగా కనిపించి, మిమ్మల్ని హెచ్చరిస్తాయి.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

వాచ్ మీద కనిపించిన సంఖ్యే రాయాలి. 20 డోలనాలకు 40.38 సెకన్లు వస్తే 40.38 అనే రాయండి, మనసులో 20తో భాగించి 2.02 అని కాదు. భాగహారంలో పొరపాటు జరిగితే తర్వాత సరిదిద్దుకునే దారి ఉండాలి కదా. పెన్నుతో రాయండి. తప్పనిపించిన రీడింగును ఒక్క గీతతో కొట్టేసి, పక్కనే కారణం రాయండి, కింద ఉన్న సంఖ్య చదవగలిగేలా ఉండాలి. కారణం రాయలేకపోతే దాన్ని కొట్టేసే హక్కు మీకు లేదు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే నచ్చని రీడింగును మాయం చేయడం అలవాటైతే మిగిలిన కష్టమంతా వృథా.

ఫెయిర్ కాపీ తర్వాత రాసుకుందామని చిత్తు కాగితాల మీద రాయొద్దు. కాఫీ మరకలున్నా, కొట్టివేతలున్నా ఆ మొదటి పుస్తకమే అసలైన రికార్డు.

అనిశ్చితత్వం: అసలు పని ఇక్కడే

ఒకే పొడవుకు 20 డోలనాల కాలాన్ని అయిదుసార్లు కొలవండి. వాచ్ సెకనులో వందో వంతు చూపిస్తుంది, అయినా మీ అయిదు రీడింగులూ ఒకటిగా రావు. సాధారణంగా 0.1 సెకను అటూ ఇటూగా తేడా ఉంటుంది. ఆ తేడా మీ వేలిది, వాచ్‌ది కాదు. కాబట్టి రాయాల్సింది ± 0.01 కాదు, ± 0.1. ఒక్క డోలనాన్నే కొలిచి ఉంటే ఈ 0.1 మొత్తం దాని నెత్తిన పడేది. 20 డోలనాలు కొలిచాం కాబట్టి ఒక్కోదానికి వచ్చేది 0.005 సెకన్లే. ఎక్కువ డోలనాలు కొలవమని చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే.

ఇప్పుడు ఏది మీ ఫలితాన్ని ఎక్కువగా పాడుచేస్తోందో చూడండి. పొడవు ఒక మీటరు, దానిలో అనిశ్చితత్వం ఒక మిల్లీమీటరు: 0.1 శాతం. కాలం 40 సెకన్లలో 0.1 సెకను: 0.25 శాతం. జిలో కాలం వర్గమై వస్తుంది కాబట్టి అది 0.5 శాతం అవుతుంది. అంటే ఇక్కడ స్కేలుతో కుస్తీ పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, కాలం కొలతను మెరుగుపరచాలి. అదే 20 సెంటీమీటర్ల లోలకానికైతే పొడవు వాటా 0.5 శాతానికి, కాలం వాటా 1.1 శాతానికి చేరతాయి. ఒకే ప్రయోగంలో ఒక చివరి రీడింగుకు ఉన్న విలువ మరో చివరిదానికి లేదన్నమాట.

మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీస్తే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది, రీడింగుల సంఖ్య వర్గమూలం మేరకు. అయిదు రీడింగులతో సుమారు 2.2 రెట్లు. క్రమ దోషం, అంటే ప్రతిసారీ ఒకే దిశలో వచ్చే దోషం, మాత్రం వెయ్యిసార్లు కొలిచినా ఒక్క పిసరు తగ్గదు. ఉదాహరణకు, సున్నా దగ్గర అరిగిపోయిన స్కేలు ప్రతిసారీ ఒకే అబద్ధం చెబుతుంది. దాన్ని పట్టుకోవడానికి గ్రాఫ్ కావాలి.

గ్రాఫ్ ఎందుకు, సగటు ఎందుకు చాలదు

ప్రతి పొడవుకూ విడిగా జి లెక్కగట్టి, చివర్లో అన్నింటి సగటు తీయడం చాలా రికార్డుల్లో కనిపించే పద్ధతి. దానిలో ఏం పోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. గుండు వ్యాసార్ధం 1.2 సెంటీమీటర్లు. మీరు పొరపాటున దారం పొడవును గుండు పై అంచు వరకే కొలిచారు, కేంద్రం వరకు కొలవలేదు అనుకోండి.

పొడవు 20 సెం.మీ. అని రాసుకున్న చోట 20 డోలనాలకు 18.48 సెకన్లు వస్తుంది. ఆవర్తన కాలం 0.924, దాని వర్గం 0.854. పొడవును ఈ వర్గంతో భాగించి 39.48తో (అది సూత్రంలోని 4π²) గుణిస్తే జి 9.25. పొడవు ఒక మీటరు అని రాసుకున్న చోట 40.38 సెకన్లు, ఆవర్తన కాలం 2.019, వర్గం 4.076. జి 9.69. ఈ రెండింటి సగటు 9.47. అది తప్పు విలువ, పైగా ఎందుకు తప్పో చెప్పని విలువ.

ఇప్పుడు అవే రీడింగులతో పొడవును అడ్డంగా, కాలం వర్గాన్ని నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. సరళరేఖే వస్తుంది. వాలు: 4.076 నుంచి 0.854 తీసేసి 0.8తో భాగిస్తే 4.03. 39.48ను దీంతో భాగిస్తే జి 9.80. ఏ రీడింగూ మార్చలేదు, ఏదీ సర్దలేదు. మరి పొడవులో చేసిన పొరపాటు ఎక్కడికి పోయింది? రేఖ మూలబిందువు గుండా పోవడం లేదు, నిలువు అక్షాన్ని 0.048 దగ్గర ఖండిస్తోంది. ఆ అంతరఖండాన్ని వాలుతో భాగించండి: 0.012 మీటర్లు, అంటే 1.2 సెంటీమీటర్లు. మీరు కొలవకుండా వదిలేసిన గుండు వ్యాసార్ధం గ్రాఫ్‌లోంచి బయటికొచ్చింది. వెర్నియర్ కాలిపర్స్‌తో గుండును కొలిచి సరిచూసుకోండి.

అందుకే రేఖను బలవంతంగా మూలబిందువు గుండా గీయకూడదు. సూత్రం ప్రకారం అక్కడి నుంచే పోవాలి కదా అనిపిస్తుంది, నిజమే. పోకపోతే దానికి కారణముంది, ఆ కారణమే మీ పరిశోధన.

ఇంకో సంగతి. గ్రాఫ్‌ను ప్రయోగం జరుగుతుండగానే వేస్తూ పోండి, ఇంటికెళ్లాక కాదు. ఒక బిందువు రేఖకు దూరంగా పడితే పరికరం ఇంకా ఎదురుగానే ఉంటుంది, వెంటనే మళ్లీ కొలవొచ్చు. స్టాండు విప్పేశాక ఆ బిందువు గురించి ఎంత ఆలోచించినా ఊహలే మిగులుతాయి.

కాస్త తేడాలు కూడా ఎంత చెప్పగలవో చూడాలంటే 1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే అనుభవం చాలు. పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కు తీసుకెళ్లిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అది రోజులో 0.17 శాతం. గడియారం పాడైందని ఆయన వదిలేయలేదు, లోలకాన్ని కాస్త పొట్టి చేసి చూశాడు. భూమధ్యరేఖ దగ్గర జి తక్కువన్న సంగతి అలా తెలిసింది. భూమధ్యరేఖ వద్ద అది సుమారు 9.78, ధ్రువాల వద్ద 9.83. కాబట్టి మీ ఫలితాన్ని పోల్చేటప్పుడు 9.81 అన్నిచోట్లా ఒకటేనని అనుకోకండి. అయితే మీ అనిశ్చితత్వం 0.1 ఉన్నప్పుడు ఈ తేడా గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక మీ సొంత ప్రశ్న: ఎగిరే బంతి

టేబుల్ టెన్నిస్ నియమాల్లో ఒకటి ఇలా ఉంటుంది: 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలితే బల్ల మీద అది దాదాపు 23 సెంటీమీటర్లు లేవాలి. ఈ రెండు సంఖ్యల నిష్పత్తి వర్గమూలం 0.876. అదే ప్రత్యావస్థాన గుణకం, అంటే తాకే ముందు వేగంలో ఎన్నో వంతు వేగంతో బంతి తిరిగి లేస్తుందో చెప్పే సంఖ్య. దీన్ని పాఠ్యపుస్తకం స్థిరాంకంగా తీసుకుంటుంది. అది నిజంగా స్థిరమేనా, తాకే వేగంతో మారుతుందా? మీ బంతికి, మీ నేలకు దీని జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు.

కంటితో ఎత్తు కొలిస్తే సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది, బంతి పైన ఆగేది క్షణమే. శబ్దంతో కొలవండి. ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ విశ్వవిద్యాలయంలో తయారైంది. బంతి నేలను తాకిన ప్రతి టప్పుకూ మధ్య ఎంత సమయం గడిచిందో అది మైక్రోఫోన్‌తో విని చెబుతుంది. ఆ యాప్ లేకపోయినా శబ్దాన్ని రికార్డు చేసి, ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తరంగాన్ని పెద్దది చేసి చూసుకుంటే చాలు.

గట్టి నేల ఎంచుకోండి. ఫ్యాన్ ఆపండి, గాలికీ శబ్దానికీ రెండింటికీ. ఫోన్‌ను బంతి పడే చోటికి దగ్గరగా నేల మీద పెట్టండి. బంతిని తిప్పకుండా వదలండి, స్పిన్ ఉంటే పక్కకు పోతుంది, లెక్క చెడుతుంది.

రెండు టప్పుల మధ్య సమయం వర్గాన్ని జితో గుణించి 8తో భాగిస్తే ఆ మధ్యలో బంతి లేచిన ఎత్తు వస్తుంది. 23 సెంటీమీటర్లు లేచిన బంతికి ఆ సమయం 0.433 సెకన్లు. తర్వాతి విరామం 0.379 వస్తే, ఆ రెండింటి నిష్పత్తి 0.875. విరామం వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి వేగాన్ని విడిగా కొలవాల్సిన అవసరమే లేదు, విరామాల నిష్పత్తే గుణకం. ఒకసారి వదిలితే పదికి పైగా టప్పులు వినిపిస్తాయి, అంటే ఒక్క ప్రయత్నంలోనే పది వేగాల దగ్గర గుణకం మీ చేతికొస్తుంది. ఇంత తక్కువ సామాగ్రితో ఇంత ఎక్కువ సమాచారమిచ్చే ప్రయోగం మరొకటి దొరకడం కష్టం.

విరామాల సంవర్గమానాన్ని టప్పు సంఖ్యకు ఎదురుగా గ్రాఫ్ వేయండి. గుణకం స్థిరమైతే సరళరేఖ వస్తుంది. రేఖ వంగితే గుణకం మారుతోందని అర్థం. (గుణకం నిజంగా స్థిరమైతే అనంత సంఖ్యలో టప్పులు దాదాపు 3.5 సెకన్లలో ముగిసిపోవాలి: 0.433ను 0.124తో భాగించి చూడండి. గుణశ్రేణి పాఠం బల్ల మీద వినిపిస్తుంది.)

రేఖ వంగిందనుకుందాం. వెంటనే "బంతి పదార్థం వల్ల" అని రాసేయకండి, ఇంకో అనుమానితుడు ఉన్నాడు: గాలి. టేబుల్ టెన్నిస్ బంతి బరువు 2.7 గ్రాములే, వ్యాసం 40 మిల్లీమీటర్లు. సెకనుకు 2 మీటర్ల వేగం దగ్గర గాలి నిరోధం దాని బరువులో దాదాపు 5 శాతం. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లై సుమారు 20 శాతానికి చేరుతుంది. కాబట్టి ఎక్కువ ఎత్తు నుంచి వదిలినప్పుడు గుణకం తగ్గినట్టు కనిపిస్తే, తగ్గింది గుణకమో, గాలిలో పోయిన శక్తో తేల్చాలి. ఎలా? ఇంచుమించు అదే పరిమాణంలో ఉన్న బరువైన గట్టి రబ్బరు బంతితో మళ్లీ చేయండి. దానిపై గాలి ప్రభావం చాలా స్వల్పం. అక్కడా రేఖ వంగితే, ఆ వంపుకు గాలి మాత్రమే కారణం కాదని తెలుస్తుంది. ఒక వివరణను కాదనగలిగే కొలత ఏదో ఆలోచించి, దాన్ని చేసి చూడటం: ప్రయోగం పరిశోధనగా మారేది ఇక్కడే.

వీడియోతో కొలిచేటప్పుడు

పెద్ద కోణాల లోలకం ప్రశ్నకు తిరిగి వెళ్తే అక్కడో చిక్కుంది. ఎక్కువ డోలనాలు కొలిస్తే కాలం బాగా తెలుస్తుంది, కానీ ఈలోగా కోణం తగ్గిపోతుంది. 30 డిగ్రీలని మొదలుపెట్టింది 20 డోలనాల తర్వాత 30 దగ్గర ఉండదు. తక్కువ డోలనాలు కొలిస్తే కోణం నిలుస్తుంది, కానీ వేలి దోషం ఎక్కువైపోతుంది. ఫోన్ స్లోమోషన్ ఈ చిక్కును విప్పుతుంది. సెకనుకు 240 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లు. ఒక్క డోలనం కొలిచినా 35 మిల్లీసెకన్ల మార్పు స్పష్టంగా దొరుకుతుంది.

కెమెరాను డోలన తలానికి లంబంగా, కాస్త దూరంగా పెట్టి జూమ్ చేయండి. స్కేలును గోడకు కాకుండా గుండు కదిలే తలంలోనే ఉంచండి, లేకపోతే దూరాలన్నీ తప్పుతాయి. కొన్ని ఫోన్లు ఫైలును మామూలు వేగంలోకి మార్చి దాస్తాయి, కాబట్టి ముందుగా నడుస్తున్న డిజిటల్ స్టాప్‌వాచ్‌ను వీడియో తీసి ఫ్రేముల వేగాన్ని సరిచూసుకోండి. ఫ్రేము ఫ్రేముకూ స్థానం గుర్తించడానికి ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది.

ఫలితం పుస్తకంతో కుదరకపోతే

ముందు తేడాను మీ అనిశ్చితత్వంతో పోల్చండి. దానికంటే చిన్నదైతే ఫలితం కుదిరినట్టే. రెండు మూడు రెట్లు పెద్దదైతే పరికరాన్ని, లెక్కను, సూత్రంలోని ఊహలను ఒక్కొక్కటిగా తనిఖీ చేయండి. ఏదీ దొరక్కపోతే తేడాను ఉన్నదున్నట్టుగా రాయండి.

బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1890లలో నైట్రోజన్ సాంద్రత కొలిచినప్పుడు ఇదే పరిస్థితి. గాలి నుంచి తీసిన వాయువు ఆయన గాజు గోళంలో సుమారు 2.310 గ్రాములు తూగింది, రసాయనికంగా తయారుచేసింది 2.299 గ్రాములు. తేడా అర శాతం కంటే తక్కువే. కానీ ఆయన తూనికల్లోని అనిశ్చితత్వం దానికంటే ఎంతో చిన్నది, అందుకే ఆ తేడాను కొట్టిపారేయలేదు. రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి వెతికితే 1894లో ఆర్గాన్ అనే కొత్త వాయువు బయటపడింది. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, రేలీకి ఫిజిక్స్‌లో, రామ్సేకి కెమిస్ట్రీలో. తన కొలత ఎంత కచ్చితమో ఆయనకు తెలియకపోయి ఉంటే ఆ 0.011 గ్రాములు ఏదో పొరపాటుగానే మిగిలిపోయేవి.

ఇంకేం చేయొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి

రాగి గొట్టంలో అయస్కాంతాన్ని వదిలితే సుడి ప్రవాహాల (కదిలే అయస్కాంతం వల్ల రాగిలో పుట్టే విద్యుత్ ప్రవాహాల) వల్ల అది మెల్లగా దిగుతుంది. చరమ వేగం, అంటే చివరికి స్థిరపడే వేగం, గొట్టం మందంతో ఎలా మారుతుంది అన్నది మంచి ప్రశ్న. పొడవును కాలంతో భాగిస్తే వేగం వస్తుందని తొందరపడకండి, మొదట్లో కాసేపు అది త్వరణంలో ఉంటుంది. వేర్వేరు పొడవుల గొట్టాలతో కాలం కొలిచి, గ్రాఫ్ వాలు తీసుకుంటే ఆ మొదటి భాగం అంతరఖండంలోకి పోతుంది. ఇక్కడా లోలకం పాఠమే. నియోడిమియం అయస్కాంతాలు ఒకదానికొకటి వేగంగా అతుక్కుని వేళ్లను నలిపేస్తాయి. వాటిని పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు దూరంగా ఉంచాలి. మింగితే ప్రాణాపాయం.

వేర్వేరు రంగుల ఎల్‌ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం కొలవడం చాలామందికి ఇష్టం. చిక్కల్లా "వెలగడం మొదలైన వోల్టేజి" అన్నది ఎక్కడో కచ్చితంగా చెప్పలేకపోవడమే, అది చూసేవారి కంటిని బట్టి, గది చీకటిని బట్టి మారుతుంది. అన్ని ఎల్‌ఈడీలకూ ఒకే చిన్న విద్యుత్ ప్రవాహం దగ్గర వోల్టేజి కొలిచి, పౌనఃపున్యానికి ఎదురుగా గ్రాఫ్ గీసి, వాలు తీసుకోండి. శ్రేణిలో నిరోధం పెట్టడం మరవకండి.

సెల్ అంతర్నిరోధం కొలిచేటప్పుడు రీడింగు తీసుకునే కాసేపే స్విచ్ నొక్కాలి, లేకపోతే సెల్ వేడెక్కి మీరు కొలిచేదే మారిపోతుంది. ప్రవాహాన్ని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి. ఫోన్లలోని లిథియం బ్యాటరీలతో ఈ ప్రయోగం వద్దు.

సీడీ మీద గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీ మీద 0.74. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తో మొదటి కాంతి చుక్క సీడీకి సుమారు 24 డిగ్రీల దగ్గర, డీవీడీకి 61 దగ్గర రావాలి. ఒక మిల్లీవాట్ దాటని లేజరే వాడండి. కిరణం, దాని ప్రతిబింబం కంటి ఎత్తులో ఉండకూడదు.

రిపోర్టు

ఫలితాన్ని అనిశ్చితత్వంతో పాటు, సరిపడా అంకెలతోనే రాయండి. 9.7834 ± 0.1 అనడం అర్థం లేనిది, 9.8 ± 0.1 చాలు. "మానవ తప్పిదాల వల్ల తేడా వచ్చింది" అనే వాక్యాన్ని ఎప్పుడూ రాయకండి. ఏ దోషం, ఫలితాన్ని ఏ దిశలో, ఎంత మేరకు జరిపి ఉంటుందో చెప్పండి. "పొడవును గుండు పై అంచు వరకే కొలవడం వల్ల జి తక్కువగా వచ్చింది, 20 సెం.మీ. వద్ద దాదాపు 6 శాతం" అన్నది వివరణ. దిశ, పరిమాణం చెప్పలేనిది వివరణ కాదు. గాలి నిరోధం అని రాసే ముందు అది ఎంతో లెక్కగట్టండి. చాలాసార్లు మీరు వెతుకుతున్న తేడాలో అది వందో వంతు కూడా ఉండదు.

పట్టికలో మొదటి రీడింగులు యథాతథంగా ఉండాలి, కొట్టేసిన వాటితో సహా. గ్రాఫ్ మీద ప్రతి బిందువుకూ దోష గీతలు వేయండి. ఆ గీతల గుండా పోగల అత్యంత నిటారు రేఖ ఒకటి, అత్యంత వాలిన రేఖ ఒకటి గీస్తే వాలులోని అనిశ్చితత్వం కూడా మీ చేతికొస్తుంది. చివర్లో మరో వారం సమయం, ఇదే సామాగ్రి ఉంటే తర్వాత ఏం కొలుస్తారో రెండు వాక్యాలు రాయండి. పొడవును ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పెంచుతారో, ఎన్ని డోలనాలు తీసుకుంటారో సంఖ్యలతో సహా.